వెనక గదికి వేడి

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించమని ముందే అడుగుతున్నాను. అక్షరాలు నా చేతికి వచ్చింది డెబ్భై దాటాక. అవి నాకు ఇంకా కొత్తకోడళ్లే, ఎక్కడ నిలబడాలో తెలియక ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఒక పేజీ నిండేసరికి చిత్తడినేలలో కోసి ఎండబెట్టి పొయ్యిలో వేసిన టర్ఫ్ పెళ్ల బూడిదైపోతుంది. కానీ ఆ జనవరి మధ్యాహ్నం వెనక గదిలో నేల మీద కూర్చున్న గంటసేపు నా బుర్ర మాత్రం అంత నెమ్మదిగా లేదు. అది ఎటెటు పోయిందో అలాగే రాస్తాను. వరస పెట్టి సర్దడం నాకు చేతకాదు.

కుడి అరచెయ్యి, వేడినీళ్లు లోపల తిరిగి గదిని కాచే ఇనప రేడియేటర్‌కి ఆనించి ఉంచాను. చల్లగా ఉంది, చేప వీపులా చల్లగా ఉంది. వంటింట్లో ఇనప పొయ్యి గరగరమంటోంది, నడవా అలమరలో పంపు సన్నగా కూనిరాగం తీస్తోంది, వంటింటి రేడియేటర్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది, నడవాలోది వెచ్చగా ఉంది, స్నానాలగదిది వెచ్చగా ఉంది, ఎన్నడూ సరిగా కాగని ముందుగదిది కూడా ఈ రోజు అడుగు నుంచి పై అంచు దాకా కాగింది. ఇదొక్కటే లేదు. నాకు కావలసింది ఇదొక్కటే, కాగనిది ఇదొక్కటే. బయట వాన అడ్డంగా కొడుతోంది. చీకటి పడేలోపు నర్సు గ్రాన్యా వస్తుంది, ఈ గది మధ్యలో నిలబడుతుంది, కోటు జేబులోంచి చిన్న థర్మామీటర్ తీస్తుంది. గది వెచ్చగా ఉంటే రేపు బీనా ఇక్కడికి వస్తుంది. లేకపోతే బీనాని రేపు పొద్దున్నే వృద్ధుల ఆశ్రమానికి తీసుకుపోతారు, అక్కడ ఒక మంచం ఖాళీ అయింది, అలాంటి మంచాలు ఎవరి కోసమూ ఆగవు. అది ఇక్కడికి రెండు బస్సుల దూరం. నేనిక బస్సులెక్కే మనిషిని కాను. అంటే ఏమిటో నాకూ తెలుసు, బీనాకీ తెలుసు, ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

బీనా నా ఆడపడుచు, మా ఆయన జార్లథ్‌కి అక్క. నాకు పిల్లల్లేరు, ఆమెకి పెళ్లే లేదు. జీవితమంతా సముద్రం అవతల లీడ్స్‌లో నర్సుగా చేసి, వయసు మళ్లాక తిరిగొచ్చి ఊళ్లో చిన్న ఇంట్లో ఉంటోంది. నవంబరులో మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. నడుము కింద ఎంత విరిగినా నోటికి మాత్రం దెబ్బ తగల్లేదు. "నన్ను చలిగదిలో పడేశావంటే టెస్సీ, నేను సంతోషంగా ఆ ఆశ్రమానికే పోతాను. అక్కడ బింగో ఆడిస్తారట, శుక్రవారం చేప పెడతారట, నీ మొహం కనపడదట" అంది మొన్న ఆస్పత్రి మంచం మీంచి. అంటూనే నా స్వెట్టరు అంచు పట్టుకుని వదల్లేదు. నేను లేచి వెళ్లే దాకా వదల్లేదు.

గ్రాన్యా పోయిన వారం ఈ గది చూడటానికి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయింది. "టెస్సీ గారూ, ఇది పడగ్గదా, మాంసం దాచుకునే కొట్టా?" అంది. మంచి పిల్ల, నవ్వుతూనే అంది, కానీ తల అడ్డంగా ఊపింది. "తొంభైకి దగ్గరపడిన మనిషిని ఇందులో పడుకోబెడితే ఊపిరితిత్తులు పట్టేస్తాయండీ. ఇంటికి పంపే కాయితం మీద నేను సంతకం పెట్టలేను." ప్లగ్గు హీటరు పెడతానన్నాను. మా ఇంటి తీగలు పాతవి, హీటరు పెట్టి కెటిల్ కూడా పెడితే ఇల్లంతా చీకటవుతుంది, ఆ సంగతి ఆమె చూస్తుండగానే జరిగింది. ఇంకో గది ఇద్దామంటే నడక చట్రం పట్టేంత వెడల్పు గుమ్మం దీనికే ఉంది, స్నానాలగది ఆనుకుని ఉన్నదీ ఇదే. జార్లథ్ జబ్బు పడ్డప్పుడు గోడ పగలగొట్టి వెడల్పు చేసుకున్న గుమ్మం. అతను పోయాక ఈ తలుపు మూశాను. ఆరు చలికాలాలు మూసే ఉంది. తాళం వెయ్యలేదు, ఊరికే మూశాను, తెరవడానికి పని పడలేదు అంతే.

ప్లంబరుకి ఫోన్ చేస్తే ఏమన్నాడంటే, అమ్మా ఈ పొయ్యీ ఈ గొట్టాలూ నాకంటే పెద్దవి, అన్నీ పీకేసి కొత్తవి వేయించుకోండి, ఈస్టర్ తరవాత వచ్చి చూస్తాను అన్నాడు. ఈస్టర్ తరవాత! అప్పటికి బీనా బింగోలో గెలుస్తూ ఉంటుంది. అందుకని నేనూ పక్కింటి కోల్మన్ కలిసి మొదలుపెట్టాం. కోల్మన్‌కి నలభై ఆవులున్నాయి, పెళ్లాం లేదు, స్పానర్లు చాలా ఉన్నాయి. నాకు స్పానర్ల పేర్లు తెలియవు కానీ ఈ గొట్టాలు ఏ గోడలోంచి పోయి ఏ గోడలో తేలతాయో తెలుసు, ఎందుకంటే అవి పెట్టినప్పుడు దీపం పట్టుకుని నిలబడింది నేనే. పొయ్యి వెనక ఇనప పెట్టెలో నీళ్లు కాగుతాయి, పంపు వాటిని గదిగదికీ తిప్పి మళ్లీ పొయ్యి దగ్గరికి తీసుకొస్తుంది. అంతకంటే ఏమీ లేదు. మనిషి ఒంట్లో నెత్తురు కూడా అంతే అని జార్లథ్ అనేవాడు, బీనా అది విని, "నర్సుని నేనా నువ్వా?" అనేది.

అప్పట్లో మా దారిలో రేడియేటర్లు వచ్చిన మొదటి ఇల్లు మాది. జార్లథ్ టర్ఫ్ మోసే చిన్న రైలు నడిపేవాడు, చిత్తడినేల మీద రోజంతా తడిసి వచ్చేవాడు, వట్టి చలిమనిషి, ఆగస్టులో కూడా రెండు చొక్కాలు తొడిగేవాడు. వేడి నీళ్లు గోడల వెంట పరిగెత్తే ఇల్లు కట్టుకుంటానని పెళ్లిలోనే చెప్పాడు. కట్టాడు. ఆ తరవాత ఒక నెల మా ఇంట్లో కుర్చీలు ఖాళీగా ఉండేవి, ఎవరొచ్చినా కూర్చునేవాళ్లు కారు, నేరుగా రేడియేటర్ దగ్గరికి పోయి వీపు ఆనించి నిలబడేవాళ్లు. చర్చి ఫాదర్ కూడా నిలబడ్డారు, అంగీ వెనక కొంచెం ఎత్తిపట్టి. మా అత్తగారు మాత్రం అది దయ్యాల పని అంది, అని చెప్పి ఊళ్లో అందరికంటే ముందు తన మేజోళ్లు దాని మీదే ఆరేసింది. మేజోళ్ల వాసన, తడిసిన కుక్క వాసన, టర్ఫ్ పొగ, ఇనుము కాగుతున్నప్పుడు వచ్చే ఆ పొడి వాసన. ఇప్పుడు ఈ గదిలో ఏ వాసనా లేదు. చల్లటి గదికి వాసన ఉండదు. చెయ్యి తీసి చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాను, మళ్లీ పెట్టాను. చల్లగానే ఉంది.

గొట్టాల్లో బురద పేరుకుందేమో అనుకున్నాను మొదట. అటక మీది తొట్టిలో బురద కరిగించే మందు పోసి కొన్ని రోజులు తిప్పాం. తరవాత పొయ్యి ఆర్పేశాం, కోల్మన్ అటకెక్కి తొట్టిలోకి కొత్తనీళ్లు రాకుండా తేలే బంతిని తాడుతో పైకి కట్టేశాడు. "నీ అటక మీద ఎలుకలు నాకంటే సుఖంగా బతుకుతున్నాయి టెస్సీ, ఒకదానికి పెళ్లి కూడా అయినట్టుంది" అని అక్కణ్ణించే అరిచాడు. వెనక గుమ్మం దగ్గరి కుళాయికి గొట్టం తగిలించి నీళ్లన్నీ వదిలాం. మొదట టీ రంగులో వచ్చాయి, తరవాత స్టౌట్ బీరు రంగు, ఆ తరవాత పేరు లేని నలుపు. "దీనికి నురగ ఒక్కటే తక్కువ" అన్నాడు కోల్మన్, "గ్లాసుల్లో పోస్తే పబ్బులో అమ్ముడైపోతుంది." రేడియేటర్లు ఒక్కొక్కటీ విప్పి ఇద్దరం మోసుకెళ్లి గడ్డి మీద పడుకోబెట్టాం. ఒక చివర గొట్టం పెట్టి నీళ్లు కొట్టి, ఎత్తి, తలకిందులు చేసి, పసిపిల్లకి కడుపునొప్పి వస్తే వీపు తట్టినట్టు రబ్బరు సుత్తితో తట్టాను. ప్రతి తట్టుకీ నల్లగా కక్కింది. ఆ బురద చేత్తో తీసి చూశాను, మెత్తగా ఉంది, వేళ్ల మధ్య పట్టుగుడ్డలా జారిపోయింది. ఇది బయటి మట్టి కాదు, ఇనుమే లోపల్లోపల కొంచెం కొంచెం కరిగి ఇలా అయింది. అంటే మేం వెచ్చగా ఉన్న చలికాలాలన్నీ ఇవే. మేజోళ్లు ఆరిన చలికాలం, నాకు గర్భం నిలవని చలికాలం, మంచు పడి దారి మూసుకుపోతే ఇద్దరం వారం రోజులు పేకాడిన చలికాలం. అన్నిటినీ నీళ్లతో కొట్టి గడ్డిలోకి వదిలేశాను. బాధ అనిపించలేదు, బోలెడన్ని గిన్నెలు తోమాక చేతులకి వచ్చే నెమ్మది ఒకటి వచ్చింది.

అన్నీ తిరిగి బిగించాం, తాడు విప్పాం, తొట్టి నిండింది, గొట్టాలు గుడగుడలాడాయి. పొయ్యి మళ్లీ వెలిగించాను. చిన్న తాళంచెవితో ఒక్కో రేడియేటర్ మూల మర విప్పి గాలి తీశాను, పాలకప్పు కింద పట్టుకుని. బుస్సుమంటుంది, బుస్సుమంటుంది, ఉన్నట్టుండి తుమ్మినట్టు నీళ్లు ఉమ్ముతుంది, అప్పుడు బిగించాలి. ఇదీ ఉమ్మింది. నీళ్లున్నాయి, గాలి లేదు, లోపల బురద నేను స్వయంగా కడిగాను. మరి ఏమిటి నీ బాధ? ఇందాక కోల్మన్ ఆవులకి మేత వెయ్యడానికి పోతూ, "అది చచ్చిపోయింది టెస్సీ, వదిలెయ్" అన్నాడు. వదిలెయ్ అన్న మాట ఎంత తేలిగ్గా అంటారు, వదిలెయ్యడానికి ఏమీ లేనివాళ్లు. పాపం కోల్మన్, వానలో తడుస్తూ రేడియేటర్లు మోసిన మనిషిని అలా అనకూడదు.

జార్లథ్ అయితే ఇప్పుడేం చేసేవాడు? వేలి కణుపుతో తట్టేవాడు, చెవి ఆనించేవాడు, నన్ను కూడా పిలిచి వినమనేవాడు. నాకు చదవడం రాదని అతనికి తెలుసు, ఇంటికొచ్చే కాయితాలన్నీ అతనే చదివేవాడు, అందుకే నాకు ఏది నేర్పినా చేత్తోనే నేర్పేవాడు. ఇక్కడ పట్టుకో టెస్సీ. పైన చల్లగా ఉందనుకో, గాలి చేరింది. కింద చల్లగా ఉందనుకో, బురద. మొత్తం చల్లగా ఉందనుకో, అప్పుడు రేడియేటర్‌ని తిట్టకు, ఎవరో మనిషి దాన్ని ఏదో చేశాడు. నా చెయ్యి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పోయింది. మొత్తం చల్లగా ఉంది. వంగి, నేలలోంచి వచ్చే గొట్టాలు పట్టుకున్నాను. కిటికీ వైపు గొట్టం కాలిపోతోంది, చెయ్యి వెంటనే లాగేసుకున్నాను. గోడ మూల వైపు గొట్టం చల్లగా ఉంది. అంటే వేడి గుమ్మం దాకా వస్తోంది, లోపలికి రావడం లేదు. వచ్చినవాళ్లు పోవడానికి దారి లేకపోతే కొత్తవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు? కిటికీ వైపు చక్రం నేనే తిప్పాను, బాగా తెరిచి ఉంది. మూల వైపు చక్రం లేదు, తెల్లటి ప్లాస్టిక్ టోపీ ఉంది, అది అందానికి పెట్టిన మూత అనుకునేదాన్ని.

ఎవరో మనిషి. ఎవరు? కోల్మన్ నట్లు విప్పాడు, బిగించాడు, ఆ టోపీ జోలికి పోలేదు, నేను పక్కనే ఉన్నాను. ఈ గదిలోకి ఆరేళ్లుగా ఇంకెవరు వచ్చారని? ఎవరూ రాలేదు. బీనా గురువారం గురువారం బస్సు దిగి వచ్చేది, కానీ వంటింటి దాకానే. జార్లథ్ పోయాక వచ్చిన సంతాపం కార్డులన్నీ నేను బల్ల సొరుగులో పెట్టి ఉంచితే, ఒకరోజు చూసి, "ఒక్కటీ విప్పలేదేమే?" అంది, నాకు చదవడం రాదని అప్పుడు ఆమెకి అర్థమైంది. నన్నేమీ అనలేదు. బీనా ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. మరుసటి గురువారం రొట్టె చుట్టిన కాయితం బల్ల మీద పరిచి, వేలు పెట్టి, "ఇది బి. నా పేరు దీంతోనే మొదలవుతుంది, కాబట్టి మర్చిపోయావంటే చంపేస్తాను" అంది. చిన్నప్పుడు తమ్ముళ్లని ఎత్తుకోవడానికి బడి మానిపించారు నన్ను, ఇక నా చదువు అంతే అనుకున్నాను. రెండేళ్లు పట్టింది. ఆ తరవాత మొదటి కార్డు నేనే చదివాను, అది ఎవరో నాకు తెలియని మనిషి పంపింది, రైల్లో జార్లథ్‌తో పనిచేశాడట, అతను చలికి వణుకుతుంటే జార్లథ్ తన రెండో చొక్కా విప్పి ఇచ్చాడట. అది చదివి నేను ఏడుస్తుంటే బీనా, "చూశావా, చదువుకుంటే ఇదే తంటా" అని టీ పోసింది.

అన్నీ వంటింట్లోనే. ఈ గదిలోకి కాదు. ఈ గదిలోకి బీనా చివరిసారి వచ్చింది, అందరం చివరిసారి వచ్చింది, జార్లథ్ పోయిన రోజు.

మా దగ్గర పోయినవాళ్లని ఇంట్లోనే ఉంచుకుంటాం, ఊరంతా వచ్చి పక్కన కూర్చుని పోతుంది. ఆ రోజు ఇంటావిడ ఏ పనీ చెయ్యకూడదు, కూర్చోబెడతారు, చేతిలో కప్పు పెడతారు, పనులన్నీ ఎవరో ఒకరు చేసేస్తారు. గడియారం ఆపుతారు. అద్దం మీద దుప్పటి కప్పుతారు. కిటికీ కాసేపు తెరుస్తారు. శాండ్‌విచ్‌లు కోస్తారు. నేను నడవాలో కుర్చీలో ఉన్నాను, తలుపు తెరిచి ఉంది, అతని పాదాలు కనిపిస్తున్నాయి, దుప్పటి కింద రెండు గుట్టల్లా. ఎవరి చేతులో నా భుజం మీద. గదిలో ఎవరూ లేరు, బీనా ఒక్కతే ఉంది, నల్లగౌనులో, మంచం అవతల గోడ మూల మోకాళ్ల మీద ఉంది. తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను అనుకున్నాను, అయ్యో, అందరి ముందూ రాయిలా ఉంటుంది, తమ్ముడి కోసం ఎవరూ చూడని మూలలో మోకరిల్లి ప్రార్థన చేసుకుంటోంది. ఆరేళ్లు ఆ బొమ్మ నాలో అలాగే ఉంది. ఆమె నన్ను ఎంత తిట్టినా ఆ మోకాళ్లు గుర్తొచ్చి ఊరుకునేదాన్ని. గోడ మూల. కానీ గోడ మూల ఏముంది ప్రార్థన చెయ్యడానికి? శిలువ మంచం పైన ఉంది. ఆ మూల ఉన్నది ఇది. ఈ తెల్ల టోపీ.

పోయినవాళ్లున్న గదిలో వేడి ఉండకూడదు. ఎవరో ఒకరు రేడియేటర్ కట్టేస్తారు. ఎవరో ఒకరు.

ఫోన్ స్వెట్టరు జేబులోనే ఉంది. ఆస్పత్రిలో బీనా మంచం పక్కనే ఫోన్ ఉంటుంది, మోగీ మోగకముందే ఎత్తింది.

"కాగిందా?"

"లేదు. బీనా, ఒకటడుగుతాను. జార్లథ్ పోయిన రోజు ఈ గదిలో రేడియేటర్ కట్టేసింది నువ్వేనా?"

"మరెవరు కడతారు? మీ ఆయన లేచి కడతాడా?"

"రెండు వైపులా కట్టావా?"

"కట్టనా మరి? ఒక్కవైపే కడితే చక్రం సందుల్లోంచి కాస్త కాస్త కారుతూనే ఉంటుంది. జీవితంలో సగం పని నేనెప్పుడైనా చేశానా?"

"మరి తరవాత తెరవలేదేం?"

ఆమె వెనక ఆస్పత్రి బండి చక్రాలు కీచుమన్నాయి. "నువ్వు ఆ తలుపు మూసేశావు కదే" అంది. "అది తియ్యడానికి నేనెవర్ని?"

నేను నేల మీద అలాగే ఉన్నాను. "నువ్వు మోకాళ్ల మీద ఉన్నావు, నేను చూశాను. ప్రార్థన చేస్తున్నావనుకున్నాను. ఇన్నేళ్లూ."

"చేశాను. స్పానర్ తిప్పుతూనే చేశాను. చేతులు ఖాళీగా ఉంటేనే వింటాడా దేవుడు?" అంది. "వాడు పుట్టుకతోనే చలిమనిషి టెస్సీ. ఒకే మంచం మీద పడుకునేవాళ్లం, తన పాదాలు తెచ్చి నా కాళ్ల మధ్య పెట్టేవాడు, మంచుగడ్డల్లా ఉండేవి. అలాంటివాడికి చివరి వేడి నా చేత్తో కట్టేశాను. వాడికి సారీ చెప్పుకుంటూ తిప్పాను. ప్రార్థన అంటే అదే అనుకో." తరవాత వెంటనే, "ఏడుస్తున్నావా? తరవాత ఏడు. టైమెంతయిందసలు? ఆ టోపీ పీకు. లోపల నాలుగు పలకల మొన ఉంటుంది. స్పానర్ ఉందా?"

"కోల్మన్‌ది ఉంది."

"ఎడమకి తిప్పు. నీ ఎడమ చెయ్యి ఏదో తెలుసు కదా?"

"నువ్వే నేర్పావు."

టోపీ తేలిగ్గానే వచ్చింది. మొన మాత్రం కదల్లేదు. ఫోన్ నేల మీద పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. మోకాళ్ల మీద లేచాను, తల వంచాను, భుజాలతో లాగాను. ఒక్క క్షణం నేను ఎవర్నో తెలియలేదు, ఆమెనో నేనో. అప్పుడు కీచుమంది. కొంచెం కదిలింది. ఇంకొంచెం. ఉన్నట్టుండి గోడ లోపల ఎవరో పెద్ద గుటక వేసినట్టు చప్పుడైంది, తరవాత సన్నగా, బియ్యం కడుగుతున్నట్టు, నీళ్లు నడవడం మొదలుపెట్టాయి.

"ఏమైంది? ఏమైందే? నోరు పడిపోయిందా?" అని నేల మీంచి బీనా అరుస్తోంది.

ఫోన్ తీసి రేడియేటర్‌కి ఆనించాను. వేడి తగిలి ఇనుము సాగుతున్నప్పుడు చేసే చప్పుడొకటుంది, టిక్కు, టిక్కు, మళ్లీ టిక్కు. జార్లథ్ దాన్ని ఇంటి వాళ్లు లేస్తున్న చప్పుడు అనేవాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాను. ఫోన్ చెవికి పెట్టుకుంటే అవతల బీనా ఊపిరి వినిపించింది, ఫోన్ మళ్లీ నేల మీద పెట్టాను. కిటికీ వైపు అంచు వెచ్చబడింది. వేడి అడ్డంగా పాకుతోంది, నా అరచేతి కిందికి వస్తోంది, ఒక్కో వేలి కిందికీ వస్తోంది.

వెనక తలుపు చప్పుడైంది. "టెస్సీ గారూ!" అని గ్రాన్యా నడవాలోంచి వస్తూనే నన్ను నేల మీద చూసి పరిగెత్తింది. "పడ్డారా? ఎక్కడ తగిలింది?"

"పడలేదమ్మా, వింటున్నాను."

లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, కనుబొమలెగరేసి, "కాగుతోందే!" అంది. ఆ తరవాత జేబులోంచి థర్మామీటర్ తీసి గది మధ్యలో పట్టుకుని నిలబడింది. గది ఇంకా చల్లగానే ఉంది, ఆమె నోటి నుంచి వచ్చే ఆవిరి నాకే కనిపిస్తోంది. చాలాసేపు దాన్నే చూసింది, అది పైకెక్కాలని ఆమెకి కూడా ఉన్నట్టు. "ఇంకా చాలా తక్కువుందండీ" అంది మెల్లగా. "నేను ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఇప్పుడే ఫోన్ చేసి బీనా గారు వస్తున్నారని ఆశ్రమం వాళ్లకి చెప్పాలి, ఆ మంచం కోసం ఇంకొకళ్లు చూస్తున్నారు. మీరేం చెయ్యలేదని కాదు, నాకు తెలుసు మీరెంత..." ఆమె కోటు బొత్తాలు మెడ దాకా పెట్టే ఉన్నాయి. వెళ్లే మనిషిలా ఉంది.

నేనేం అనాలి? ఆ పిల్ల తప్పేముంది.

అప్పుడు రేడియేటర్ కింద నుంచి గొంతు వచ్చింది. గ్రాన్యా ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. ఫోన్ అక్కడే నేల మీద పడి ఉంది, బీనా పెట్టెయ్యలేదు.

"ఎవరమ్మా, గ్రాన్యానా? నేను బీనాని, ఆ గదికి రావలసిన ముసలిదాన్ని. ఈ వానలో వచ్చావు, ఒంటి మీద తడి కోటుతో నిలబెట్టింది చూడు మా టెస్సీ, మర్యాద తెలియని మనిషి. కూర్చో తల్లీ. టీ తాగకుండా మా ఇంట్లోంచి నర్సు వెళ్లిపోయిందని తెలిస్తే రేపు ఊళ్లో తలెత్తుకోగలమా? టెస్సీ!"

"ఆఁ."

"టీ పెట్టు. పొయ్యి మీద పెట్టు. చిన్న కెటిల్ కాదే, పెద్దది. నిండా నీళ్లు పొయ్."

గ్రాన్యా ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది, చేతిలో థర్మామీటర్ వైపు చూసింది. పెదాలు బిగబట్టుకుంది, కానీ నవ్వు కళ్లలోంచి వచ్చేసింది. థర్మామీటర్‌ని మంచం పక్క బల్ల మీద పెట్టి కోటు పై బొత్తాం విప్పింది, తరవాత దాని కిందది.

నేను వంటింట్లోకి వెళ్లి పై అరలోంచి, మరగడానికి అరగంట పట్టే పెద్ద కెటిల్ దింపి, చన్నీళ్ల కుళాయి కింద పెట్టి, అంచు దాకా నింపాను.

టెస్సీ కిల్‌రాయ్. వయసు డెబ్భై ఎనిమిది. ఉంటున్నది రాస్‌కామన్ జిల్లా, క్లూన్‌ఫార్న దారిలో చివరి ఇంట్లో, బీనాతో.